గార్డు ముఖం

భీమశంకర్ ఇంటికి భోజనానికి వెళ్ళినవాళ్ళకి అన్నం అంత తొందరగా దొరికేది కాదు. ముందు బొమ్మలు చూడాలి. కోటు విప్పి కొక్కేనికి తగిలించేలోపే జబ్బ పట్టుకుని, హాల్లో మూలనున్న అద్దాల బీరువా దగ్గరికి లాక్కుపోయేవాడు. అమెరికాలో పిస్కాటవే చుట్టుపక్కల అప్పట్లో ఉన్న తెలుగు కుటుంబాలు పాతికో ముప్పయ్యో. కడుపు మాడుతుంటే ఆ బీరువా ముందు నిలబడి తల ఊపని మగాడు వాటిల్లో ఒక్కడూ లేడు.

"ఇది చూశారా? పిల్లల పాలకప్పు. ఇంగ్లండులో నూట ముప్పయ్యేళ్ళ కిందట చేసింది. ఇంజను వెనక పెట్టెలకి కప్పు లేదు చూడండి. జనం వానలో గొడుగులేసుకుని కూర్చున్నారు," అనేవాడు. ఆ తర్వాత రైలు వంతెన వేసిన కూజా. దాని తర్వాత జేబుగడియారం తగిలించుకునే స్టాండు, ఆ స్టాండు కింద సొరంగం, సొరంగంలోంచి సగం బయటికొచ్చిన రైలు. అన్నీ స్టాఫర్డ్‌షైర్ అనే చోట కుమ్మరులు చేసిన పాత పింగాణీ సామాన్లు, అన్నిటి మీదా రైళ్ళే. అక్కడే చేసిన కుక్కల బొమ్మలూ, గొర్రెల కాపరుల బొమ్మలూ ఊరికే ఇస్తామన్నా అతనికి అక్కర్లేదు.

ఆఫీసులో పక్క బెంచీ మీద పనిచేసే జగదీష్ ఓసారి ఉండబట్టలేక అడిగేశాడు. "మీ నాన్న రైల్వే గార్డయితే మాత్రం ఏంట్రా? మా నాన్న తాసిల్దారు. నేను తాసిల్దార్ల బొమ్మలు కలెక్ట్ చేస్తున్నానా?"

అందరూ నవ్వారు. భీమశంకర్ కూడా నవ్వాడు. నవ్వి, బీరువాకి తాళం వేసి, తాళంచెవి జేబులో పడేసుకుని, పదండి భోంచేద్దాం అన్నాడు.

అసలు సంగతి ఎవరికీ చెప్పలేదతను. భార్య ఉషకి కూడా. ఆ బీరువా మధ్య అరలో, ఎవరి చేతికీ ఇవ్వని బొమ్మ ఒకటుంది. అడుగు ఎత్తు ఉంటుంది. నీలం కోటు, టోపీ, చేతిలో లాంతరు పట్టుకున్న రైల్వే గార్డు. రంగు చాలాచోట్ల అరిగిపోయింది. ఆ గార్డు ముఖం అచ్చంగా తన తండ్రి ముఖమని భీమశంకర్ నమ్మకం.

తండ్రి అనంతరామయ్య బిట్రగుంటలో గూడ్సు గార్డు. 1946లో డ్యూటీలో ఉండగానే కలరా పట్టుకుంటే గూడూరులో దింపి ఆస్పత్రిలో పడుకోబెట్టారు. కబురు బిట్రగుంట చేరేసరికి దహనం కూడా అయిపోయింది. కలరాతో పోయినవాళ్ళని ఇంటికి పంపే రోజులు కావవి. అప్పటికి తల్లి శేషమ్మకి ఇరవైమూడేళ్ళు, భీమశంకర్‌కి అయిదు. ఇంటికి తిరిగొచ్చినవి ఆయన టోపీ, ఇనప పెట్టె. అవి కాక మిగిలింది గోడ మీద ఒకే ఒక్క ఫోటో, యూనిఫారంలో తీయించుకున్నది.

ఆ ఫోటో చూస్తూ పెరిగాడు అనాలి గానీ నిజానికి అతను దాన్ని చూసిందే లేదు. రోజూ గోడ మీద కనబడేదాన్ని ఎవడు చూస్తాడు? పరీక్షలప్పుడు దానికో దణ్ణం పెట్టుకుని పరిగెత్తేవాడు, అంతే. 1970లో అతను అమెరికా వచ్చేశాక శేషమ్మ ఆ ఫోటో తీసుకుని రేపల్లె దగ్గర తమ్ముడింటికి చేరింది. డెబ్భై ఏడు నవంబరులో ఉప్పెన వచ్చింది. నెల తిరిగాక ఉత్తరం వచ్చింది. "అందరం ప్రాణాలతో ఉన్నాం. గోడలు కూలాయి. మీ నాన్నగారి ఫోటో పోయింది. నువ్వు దిగులు పెట్టుకోక వేళకి తిను," అని నాలుగు ముక్కలు.

అప్పుడు మొదలైంది అతనికి. కళ్ళు మూసుకుని నాన్న ముఖం తెచ్చుకుందామంటే ఫోటో చట్రం వచ్చేది. చట్రం తగిలించిన మేకు వచ్చేది. మేకుకి వేలాడే కాగితప్పూల దండ వచ్చేది. ముఖం మాత్రం వచ్చేది కాదు. మందుల కంపెనీలో కెమిస్టు, నలభైకి దగ్గరపడ్డవాడు, కారు డ్రైవ్ చేస్తూ ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడల్లా కళ్ళు మూసుకుని తండ్రి ముక్కు ఎలా ఉండేదా అని వెతుక్కునేవాడు. వెనకవాళ్ళు హారన్ కొడితే ఉలిక్కిపడేవాడు.

ఆ మరుసటి వేసవిలో ఒక ఆదివారం, గడ్డి కోసే మిషను సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుందేమోనని లాంబర్ట్‌విల్ సంతకి వెళ్ళాడు. డెలావేర్ నది పక్కన ఆరుబయట బల్లలేసుకుని పాత సామాన్లు అమ్ముతారక్కడ. డొరొతీ అనే ముసలావిడ బల్ల మీద ఆ గార్డు నిలబడి ఉన్నాడు. ఎడమ కనుబొమ సగం అరిగిపోయింది. పెదవి ఓ మూల కొంచెం పైకి లేచింది, ఏదో చెప్పబోయి ఆగినట్టు. భీమశంకర్ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. "నాన్న," అన్నాడు, పైకే. ఏమన్నావని డొరొతీ అడిగితే, ఎంతని అడుగుతున్నానన్నాడు.

డొరొతీ మంచి మనిషి. బొమ్మని పాత పేపర్లలో చుడుతూ దాని కథంతా చెప్పింది. ఇలాంటివి ఒకే అచ్చులో పోస్తారు, కానీ ముఖాలు చేత్తో వేస్తారు, అందుకని ఏ రెండు ముఖాలూ ఒకలా ఉండవు. వెనక వైపు చదునుగా, రంగు లేకుండా వదిలేస్తారు, గోడకి ఆనించి పెట్టుకునేవి గనక. తరచు జతగా చేస్తారు, దీనికి జోడీ జెండా పట్టుకున్నవాడు ఎక్కడో ఉండే ఉంటాడు. "ముఖం మీద రంగు పెచ్చులు లేస్తోంది. తుడవొద్దు, కడగొద్దు. గట్టిగా ఊదను కూడా ఊదొద్దు," అంది.

అతను అయిదేళ్ళు దాని ముందు ఊపిరి బిగబట్టే నిలబడ్డాడు. మిగతా బొమ్మలన్నీ ఆ ఒక్కదానికి కాపలా. ఒక్క బొమ్మ తెచ్చి బీరువాలో పెట్టుకుంటే ఎందుకూ అని అడుగుతారు జనం. ముప్పై తెచ్చి పెట్టుకుంటే పిచ్చి అనుకుని వదిలేస్తారు. పిచ్చి అనిపించుకోవడమే అతనికి హాయిగా ఉంది. మా నాన్న ముఖం నాకు గుర్తులేదు అని పెళ్ళాంతో చెప్పడం కంటే అది నయం అనుకున్నాడు. ఏం మనుషులో! నోట్లోంచి ఒక్క మాట ఊడిపడితే ఆస్తులు పోతాయన్నట్టు ఉంటారు.

ఎనభై మూడు ఆగస్టులో శేషమ్మ వచ్చింది. అన్నేళ్ళు రానని మొండికేసిన మనిషి, ఆరునెలల వీసా మీద, ఒక సూట్‌కేసు నిండా చీరలతో దిగింది. చీరల మడతల్లో ఆరు మట్టి బొమ్మలు. మనవరాలు రేణుకి పదేళ్ళొచ్చినా బొమ్మల కొలువంటే ఏంటో తెలీదని ఉష ఉత్తరంలో రాసిందట. అందుకని మోసుకొచ్చింది.

శేషమ్మ సంగతి కాస్త చెప్పాలి. మొగుడు పోయాక బిట్రగుంట రైల్వే కాలనీలో ఆమెని పేరంటానికి పిలిచేవాళ్ళు కాదు. కానీ దసరా వస్తోందంటే కాలనీ బొమ్మలన్నీ ఆమె గుమ్మంలో బారులు తీరేవి. పెచ్చులూడిన రంగు చాకుతో గీకి, గరుకు కాగితంతో రుద్ది, సుద్ద పూసి, ఆరాక రంగులేసి, అన్నిటికంటే ఆఖరున కళ్ళు దిద్దేది. ఆ చేత్తో కళ్ళు దిద్దితే బొమ్మ పిలిస్తే పలికేలా ఉంటుందని పేరు. కుట్టుమిషనూ, ఆ కుంచే కలిసి భీమశంకర్‌ని కాలేజీ దాకా చదివించాయి. "రంగు పోయిన బొమ్మని కొలువులో కూర్చోబెట్టడం, మొహం కడగని పిల్లని పేరంటానికి పంపడం ఒకటే," అనేది ఆమె. ఇదంతా భీమశంకర్‌కి తెలీనిది కాదు. ఆ రంగు సీసాల మధ్యే పాకి పెరిగాడు.

తల్లి వస్తోందనగానే అతనికున్న ఆశంతా ఒక్కటే. బొమ్మని ఆమె చూడాలి, చూసి "మీ నాన్న" అనాలి. ఆ ముఖాన్ని నిజంగా ఎరిగున్న మనిషి భూమ్మీద ఇంక ఆమె ఒక్కతే. ఆమె అంటే అది నాన్న ముఖం. ఆమె అనకపోతే అయిదేళ్ళుగా ఎవరో ఇంగ్లీషువాడి బొమ్మకి ఊపిరి బిగబట్టినట్టు. చెప్పి చూపించొచ్చు కదా అంటారా? చెప్తే అమ్మ ఔననేస్తుంది. కొడుకు ముచ్చట పడుతున్నాడని ఔననేస్తుంది. అలాంటి ఔను అతనికి వద్దు. ల్యాబ్‌లో పదమూడేళ్ళుగా చేస్తున్న పని అదే. సీసా మీద పేరు కాగితంతో కప్పేసి, లోపలున్నదేమిటో తెలీనివాడి చేత పరీక్ష చేయిస్తారు. ముందే జవాబు చెప్పి చేసే పరీక్ష చెల్లదు. కన్నతల్లికి కూడా సీసా మీద పేరు కప్పే ఇచ్చాడు మహానుభావుడు.

మొదటిరోజే బీరువా ముందుకి తీసుకెళ్ళాడు. శేషమ్మ ఒక్కొక్కటీ చూసింది. "ఈ పెట్టెలకి కప్పేదిరా?" అని నవ్వింది. సొరంగం స్టాండు చూసి బావుందంది. గార్డు దగ్గరికొచ్చేసరికి భీమశంకర్ బొమ్మని వదిలేసి తల్లి ముఖంలోకి చూశాడు.

"వీడెవడు, గార్డా? పాపం, రంగంతా పోయిందే," అని పక్క అరలోకి వెళ్ళిపోయింది.

కళ్ళజోడు పెట్టుకోలేదు, అందుకే అనుకున్నాడు. మర్నాడు కళ్ళజోడు పెట్టుకునే చూసింది, ఏమీ అనలేదు. అద్దం మీద వెలుగు పడుతోంది అనుకుని బీరువాని కిటికీకి ఎడంగా జరిపించాడు. ఆరు వారాలు గడిచాయి. రోజూ ఆఫీసు నుంచి రాగానే తల్లి ముఖంలోకి చూసేవాడు, ఇవాళ కనిపెట్టిందా అని. ఆమె అప్పడాల పిండి గురించీ, రేణు జుట్టు గురించీ చెప్పేది. అతనికి రానురాను తల్లి మీద కోపం కూడా వచ్చింది. కట్టుకున్న మొగుణ్ణి గుర్తుపట్టలేదా అని లోలోపల మండిపడేవాడు. పైకి మాత్రం ఇంకో గరిటె చారు పొయ్యమనేవాడు.

అక్టోబరులో కొలువు వచ్చింది. ఉష పుస్తకాల అరలూ, అట్టపెట్టెలూ పేర్చి, వాటి మీద తెల్లదుప్పట్లు పరిచి అయిదు మెట్లు కట్టింది. శుక్రవారం సాయంత్రం ఉష స్నేహితులు రాధారాణి గారూ, విద్యా, ఇంకో పదిమంది పేరంటానికి వస్తున్నారు. సూట్‌కేసులో కుదుపులకి మట్టి బొమ్మల రంగు అక్కడక్కడా లేచింది. శేషమ్మ అడిగితే, హాబీ షాపులో చిన్నచిన్న సీసాల్లో రంగులూ, కుంచెలూ, గరుకు కాగితమూ తెచ్చిచ్చింది ఉష. గురువారం పొద్దున్న వంటింటి బల్ల మీద పేపర్లు పరుచుకుని శేషమ్మ పని మొదలుపెట్టింది.

భీమశంకర్ ఆఫీసుకి బయల్దేరుతూ అది చూశాడు. ఒక ఆలోచన వచ్చింది. బీరువాలో అంత దూరాన, అద్దం వెనక ఉంటే ఎలా తెలుస్తుంది? చేతిలోకి వస్తే తెలుస్తుంది. తాళం తీసి గార్డుని రెండు చేతులతో పట్టుకుని తెచ్చి తల్లి ముందు, ఆ రంగు సీసాల మధ్య, పెట్టాడు.

"అమ్మా, దీన్ని కూడా కొలువులో పెట్టు," అన్నాడు.

"నీ రైలు బొమ్మ ముట్టుకోనిస్తావట్రా?" అంది శేషమ్మ ఆశ్చర్యపడి.

"నీకు కాకపోతే ఎవరికిస్తాను," అన్నాడు. ఇంకో మాట అనలేదు. కారులో కూర్చుని ఈల కూడా వేశాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ ఏడుస్తూ ఎదురొస్తుందనీ, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదురా అంటుందనీ దారిపొడుగునా ఊహించుకున్నాడు.

సాయంత్రం ఆరింటికి తలుపు తీసేసరికి హాల్లో కొలువు వెలిగిపోతోంది. నడిమెట్టు మీద, రాముడి పట్టాభిషేకానికీ, మట్టి ఏనుగుకీ మధ్య గార్డు నిలబడి ఉన్నాడు. నీలం కోటు నిగనిగలాడుతోంది. లాంతరుకి ఎర్రరంగు. బుగ్గలు గులాబీ రంగు. రెండు కనుబొమలూ విల్లుల్లా ఒంపు తిరిగాయి. వాటి కింద చెవుల దాకా సాగిన పెద్ద నల్లటి కళ్ళు, బిట్రగుంట కాలనీలో ప్రతి లక్ష్మికీ, ప్రతి కృష్ణుడికీ ఉండే కళ్ళు, అతన్నే చూస్తున్నాయి. పెదవులు సమంగా, నిండుగా నవ్వుతున్నాయి.

"రోజంతా వీడికే సరిపోయింది," అంది శేషమ్మ చేతులు తుడుచుకుంటూ. ముఖం సంతోషంతో వెలిగిపోతోంది. "పాతరంగు పెచ్చులు పెచ్చులుగా ఉంది. దాని మీద కొత్తది నిలవదు. చాకుతో గీకి, నున్నగా రుద్ది, అప్పుడు వేశాను. ఇంక నూరేళ్ళ దాకా చూసుకోనక్కర్లేదు."

"గీకావా?" అన్నాడు.

"శుభ్రంగా."

"ఎవరు గీకమన్నారు నిన్ను? ఎవరు వెయ్యమన్నారు?" భీమశంకర్ జీవితంలో మొదటిసారి తల్లి మీద అరిచాడు. ఆ అరుపుకి వంటింట్లోంచి ఉష పరిగెత్తుకొచ్చింది. "పెట్టమన్నాను గానీ గీకమన్నానా? అది నాన్న! తెలుసా నీకు? అది నాన్న ముఖం!"

శేషమ్మకి అర్థం కాలేదు. కొడుకునీ, బొమ్మనీ మార్చి మార్చి చూసింది. అతను అరుస్తూనే ఉన్నాడు. అయిదేళ్ళూ దాచిందంతా, సంత దగ్గర్నుంచీ, ఉత్తరం దగ్గర్నుంచీ, ఎదురు చూసిన ఆరు వారాలతో సహా అరుపుల్లోనే చెప్పాడు.

"డాడీ, నానమ్మ మీద యెల్ చెయ్యకు. షీ మేడ్ హిమ్ ప్రెటీ," అంది రేణు ఏడుపుగొంతుతో.

శేషమ్మ మెల్లగా తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మర్నాడు పేరంటానికి వచ్చినవాళ్ళంతా గార్డు కళ్ళు భలే ఉన్నాయని మెచ్చుకున్నారు. ఉష వాళ్ళకి తాంబూలాలిచ్చి పంపేసింది.

ఆదివారం పొద్దున్నే భీమశంకర్ బొమ్మని తువ్వాలులో చుట్టి, అట్టపెట్టెలో పెట్టుకుని లాంబర్ట్‌విల్ వెళ్ళాడు. డొరొతీ భూతద్దం పెట్టి చూసింది. ఎవరు చేశారని అడిగింది.

"మా అమ్మ."

"చెయ్యి మంచిది," అంది డొరొతీ. సీసాలో ఏదో మందు దూదికి తడుపుకుని నెమ్మదిగా బుగ్గ మీద రుద్దింది. గులాబీ రంగు దూదికి వచ్చేసింది. కళ్ళు వచ్చేశాయి. విల్లులాంటి కనుబొమలు వచ్చేశాయి. అతను బల్లమీదికి వంగిపోయి చూస్తున్నాడు, కింద నుంచి ఆ సగం కనుబొమ ఎప్పుడు బయటపడుతుందా అని. సుద్ద కూడా పోయాక తెల్లటి పింగాణీ బయటపడింది. గరుకు కాగితం గీతలు తప్ప దాని మీద ఇంకేం లేదు.

"సారీ, హనీ," అంది డొరొతీ. "కిందేం మిగల్లేదు."

అతను థాంక్స్ చెప్పి పెట్టె మూసుకుని కారెక్కాడు. వచ్చేటప్పుడు ఎర్రదీపాల దగ్గర కళ్ళు మూసుకోవడానికి భయం వేసింది.

ఇంటికొచ్చేసరికి శేషమ్మ స్వెటరు వేసుకుని వీధివైపు కిటికీ దగ్గర కూర్చుని ఉంది. రెండురోజులుగా మజ్జిగ తప్ప ఏమీ తీసుకోలేదని ఉష గుమ్మంలోనే చెప్పింది. అతను చెప్పులు విప్పుకోకముందే శేషమ్మ లేచి ఎదురొచ్చింది.

"వచ్చిందా?" అంది.

"ఏంటి?"

"ముఖం. ముఖం వచ్చిందా?"

అతను పెట్టె తెరిచి, తువ్వాలు విప్పి చూపించాడు. శేషమ్మ బొమ్మని చేతిలోకి తీసుకుంది. టోపీకీ, కోటు కాలరుకీ మధ్య తెల్లగా ఉన్నచోట బొటనవేలితో నెమ్మదిగా తడిమింది.

"ఆయనలాగే ఉండేదా?"

"ఉండేది."

"బాగా?"

"నీకు తెలీలేదా అమ్మా?" భీమశంకర్ గొంతులో కోపం పోయింది, నీరసం మిగిలింది. "ఆరు వారాలు చూశావు. రోజంతా చేతిలో పట్టుకుని గీకావు. ఒక్కసారి కూడా అనిపించలేదా?"

"గీకేటప్పుడు రంగు చూస్తాంరా, ముఖం చూడం," అంది శేషమ్మ. సోఫాలో కూర్చుని బొమ్మని ఒళ్ళో పెట్టుకుంది. "చూసినా తెలిసేది కాదు. నాకు ఆయన ముఖం గుర్తులేదు."

భీమశంకర్ చేతిలో తువ్వాలు పక్కన పెట్టి ఆమెకి ఎదురుగా కూర్చున్నాడు.

"ఎనిమిదేళ్ళ కాపురం. అందులో సగం ఆయన లైను మీదే. ఇంటికొస్తే నిద్ర. మీ నానమ్మ ఎదురుగా ఉంటే మొగుడి ముఖంలోకి తలెత్తి చూసే రోజులా అవి? ఫోటో ఉన్నన్నాళ్ళూ అదే ఆయన అనుకుంటూ బతికాను. అది కాస్తా ఉప్పెనకి పోయింది. చేతులు గుర్తున్నాయి. దగ్గు గుర్తుంది. టోపీ లోపలి పట్టీ మీద చెమట మరక గుర్తుంది. ముఖం లేదు. నీకు చెప్తే ఏమనుకుంటావోనని చెప్పలేదు. నీకైనా గుర్తుంటుందిలే అనుకున్నాను."

రేణు మేడమెట్ల మీద కూర్చుని ఇద్దరినీ చూస్తోంది.

"ఒక్క మాట చెప్పుంటే చూసుకునేదాన్ని కదరా," అంది శేషమ్మ. ఇప్పుడు ఏడుస్తోంది. "ఇదిగో నాన్న అని ఉంటే, ఆ బీరువా ముందు కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. గూడూరులో నాకు కడసారి చూపు దక్కలేదు. ఇన్నేళ్ళకి నా చేతుల్లోకి వచ్చాడు. తెలీక నా చేత్తోనే గీకేసుకున్నాను."

భీమశంకర్ అరిచిన అరుపులన్నీ తిరిగి తన మీదికే వచ్చాయి. చాకు పట్టుకున్న చెయ్యి అమ్మది, కానీ బొమ్మని తెచ్చి ఆ చేతికిచ్చి ఈల వేసుకుంటూ పోయింది తనే.

"ఫోటో తీయలేదా దీన్ని?" అంది శేషమ్మ కళ్ళు తుడుచుకుని.

తీశాడు. జోడీ బొమ్మ కోసం వ్యాపారులకి పంపడానికి పొలరాయిడ్ కెమెరాతో ఏడెనిమిది తీశాడు. పరిగెత్తుకెళ్ళి సొరుగులోంచి తీసుకొచ్చాడు. నీలం కోటు స్పష్టంగా ఉంది. లాంతరు స్పష్టంగా ఉంది. పింగాణీ నునుపు మీద ఫ్లాష్ పడి, టోపీ కింద తెల్లటి మచ్చ. ఒక దాంట్లో కాకపోతే ఇంకో దాంట్లో ఉంటుందని అన్నీ బల్ల మీద పరిచారు. అన్నిట్లోనూ అదే మచ్చ. శేషమ్మ ఒక్కొక్కటీ కళ్ళజోడుకి దగ్గరగా పట్టుకుని చూసి, పేకముక్కల్లా మళ్ళీ ఒద్దికగా పేర్చి పక్కన పెట్టింది.

తర్వాత లేచి తన గదిలోకి వెళ్ళి రంగు సీసా, అన్నిటికంటే సన్నటి కుంచె పట్టుకుని వచ్చింది. బొమ్మని బల్ల మీద నిలబెట్టి, దీపం దగ్గరికి లాక్కుంది.

"నువ్వు చూశావుగా, అయిదేళ్ళు. చెప్పు. నువ్వు చెప్తూ ఉండు, నేను వేస్తాను," అంది.

ఆ మాటకి భీమశంకర్‌కి ప్రాణం లేచొచ్చింది. కుర్చీ లాక్కుని తల్లి పక్కన కూర్చున్నాడు. "ఎడమ కనుబొమ సగమే ఉంటుంది," అన్నాడు. శేషమ్మ ఊపిరి బిగబట్టి, వెంట్రుకంత గీత దిద్దింది. సగం కనుబొమ వచ్చింది.

"కళ్ళు?" అంది.

భీమశంకర్ కళ్ళు మూసుకున్నాడు. గురువారం సాయంత్రం చూసిన ముఖం వచ్చింది, చెవుల దాకా సాగిన నల్లటి కళ్ళతో. దాన్ని పక్కకి నెట్టాడు. తెల్లటి పింగాణీ వచ్చింది. దాన్నీ నెట్టాడు. బిట్రగుంట ఇంటి గోడ మీద మేకు వచ్చింది, మేకుకి కాగితప్పూల దండ వచ్చింది.

"పెద్దవా, చిన్నవా?" అంది శేషమ్మ.

అతను కళ్ళు ఇంకా గట్టిగా మూసుకున్నాడు.

శేషమ్మ కుంచె ఎత్తి పట్టుకుని కూర్చుంది. కాసేపటికి కుంచె మీద రంగు ఎండిపోయింది. ఆమె దాన్ని టర్పెంటైనులో కడిగి, గుడ్డకి తుడిచి, మళ్ళీ నల్లరంగులో ముంచింది.

"తొందరేం లేదు నాన్నా," అంది. "బాగా గుర్తు తెచ్చుకో."